రక్షిత దంతం

మా మండలంలో పిల్లల పాలపళ్ళు ఊడటాన్ని కిందటి శ్రావణమాసంలో నిషేధించారు. నవ్వకండి. ఉత్తర్వు కాపీ నా దగ్గరే ఉంది. సంతకం, ముద్ర, తేదీ అన్నీ సలక్షణంగా ఉన్నాయి.

నేను కంచరవలస ప్రాథమిక పాఠశాలలో ఒకటీ రెండూ తరగతులు చెప్పే అరుంధతి టీచర్ని. నాకు కోపం ఎక్కువని మా ఆయన అంటారు. నోరు ఎక్కువని మా హెడ్మాస్టరు సన్యాసిరావు గారంటారు. రెండూ నిజమే. అయినా ఈ వ్యవహారంలో నేను చాలా దూరం నోరు మూసుకునే నడిచాను. అక్కడే తప్పు చేశానేమో తెలీదు.

పథకం పేరు 'చిరునవ్వు కవచం'. బడి పిల్లల పళ్ళు పుచ్చిపోకుండా ముందే బ్రష్షుతో ఫ్లోరైడ్ పూత రాస్తారు. దవడపళ్ళ మీద గాడులుంటాయి కదా, తిన్న తిండి వాటిలో ఇరుక్కుని పన్ను పుచ్చుతుంది. ఆ గాడుల్ని తెల్లటి మందుతో పూడ్చేస్తారు. మంచి పని. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, రేపు నన్ను పళ్ళకి వ్యతిరేకి అని ముద్ర వెయ్యకండి. పెద్దాసుపత్రి నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు రెహానా కూడా మంచి పిల్లే. ఏడ్చే పిల్లల్ని ఒళ్ళో కూచోబెట్టుకుని, 'ఏదీ, నీ నోట్లో ఎలకుందట, చూపించు' అంటూ పని కానిచ్చేది.

చిక్కంతా విశేషాధికారి త్రివిక్రమరావు గారితో వచ్చింది. కవచానికి రాకముందు ఆయన మొక్కలు నాటించే పథకం చూసేవారు. అక్కడ నాటిన ప్రతి మొక్కకీ నంబరు వేసి, ఫోటో తీసి, ఎన్ని బతికాయో నెలనెలా లెక్క అడిగేవారు. ఎండిన మొక్కకి బాధ్యుణ్ణి పట్టుకుని మెమో ఇచ్చేవారు. ఆ పద్ధతికి ఆయనకి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. బదిలీ అయ్యాక అదే పద్ధతిని మొక్కల మీంచి పళ్ళ మీదకి తెచ్చారు. పూత వేసిన ప్రతి పన్నుకీ ఒక నంబరు, ఫోనులో ఒక ఫోటో, ఫోటో పక్కన ఆకుపచ్చ టిక్కు. ఆ టిక్కు పడ్డ పన్ను పేరు 'రక్షిత దంతం'.

పూత వేసిన రోజున నా రెండో తరగతి పిల్ల జోషిత దగ్గర బండి ఆగింది. ఎడమ కింది దవడలో ఒక పన్నుకి అప్పటికే నల్లగా గుంట పడి ఉంది. రెహానా టార్చి వేసి చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈ పన్ను పుచ్చిపోయింది సార్. దీనికి పూత పనికిరాదు, వైద్యం చెయ్యాలి."

"డాక్టరు గారూ, ఇది నివారణ పథకం," అన్నారు త్రివిక్రమరావు గారు. "వచ్చేసిన జబ్బు మన పరిధిలోనిది కాదు."

"అయితే ఈ పన్ను వదిలేద్దాం సార్."

"వదిలేస్తే లక్ష్యసాధనలో లోటు కనిపిస్తుంది. లోటు అనేది కూడా మన పరిధిలోనిది కాదు."

రెహానా అవతల గదిలో ఏడుస్తున్న పిల్లాడి దగ్గరికి వెళ్ళగానే, వెంట వచ్చిన టెక్నీషియను ఆ గుంటని తెల్లమందుతో పూడ్చేశాడు. ఫోటో తీశాడు. టిక్కు పడింది. నేను పక్కనే నిలబడి చూశాను. మందే కదా, మంచే చేస్తుందిలే అనుకున్నాను.

మర్నెల వీడియో సమావేశంలో మా బడి పేరు ఎర్రగా వచ్చింది.

"కంచరవలసలో దంతాల మనుగడ శాతం ఎందుకు పడిపోతోంది?" అన్నారు విశేషాధికారి.

సన్యాసిరావు మాస్టారు మార్చిలో రిటైరవుతారు. ఆ మార్చి తప్ప ఆయనకింకేమీ కనబడదు. నన్ను మోచేత్తో పొడిచారు.

"పాలపళ్ళు కదండీ. ఆరేడేళ్ళ వయసులో ఊడతాయండి," అన్నాను.

"ఎండాకాలంలో మొక్కలు ఎండుతాయండీ అని అక్కడా ఇలాగే చెప్పేవారు. ఆ సాకు నేను అక్కడే ఒప్పుకోలేదు."

రెండు రోజులకి మెమో వచ్చింది. 'రక్షిత దంతములు రాలిపోవుటకు గల కారణమును తక్షణము తెలియజేయవలెను.' నేను 'వయసు' అని రాసి పంపాను. 'సదరు కారణము మార్గదర్శకములలో లేనందున తిరస్కరించడమైనది. ఈ దిగువ వాటిలో నొకదానిని ఎంచుకొనవలెను' అని జవాబొచ్చింది. దిగువన నాలుగు కారణాలున్నాయి: పశువుల మేత, నీటి ఎద్దడి, అగ్నిప్రమాదం, దొంగతనం. మొక్కల ఫారమునే పైన పేరు మార్చి వాడుతున్నారన్నమాట.

"దొంగతనం అంటే పోలీసులొస్తారు. అగ్నిప్రమాదం అంటే ఫైరింజనొస్తుంది. నీటి ఎద్దడి అని రాసెయ్యమ్మా, ఎవరూ రారు," అన్నారు మాస్టారు.

రాశాను. వారం తిరక్కుండా బడి ముందుకి నీళ్ళ ట్యాంకరు వచ్చి ఆగింది. పిల్లల నోళ్ళు తడపమని ఆదేశమట. ఒకటో తరగతి వాళ్ళు కేరింతలు కొట్టి తడిశారు. ఇద్దరికి జలుబు చేసింది, ఒకడికి తుమ్ములో పన్ను ఊడింది.

దాంతో నిబంధన బిగిసింది. ఊడిన పన్నుని, అసలుదాన్నే, కార్యాలయంలో అప్పగించాలి. అప్పగిస్తే సహజ నష్టం, అప్పగించకపోతే టీచరు నిర్లక్ష్యం. వినడానికి బాగానే ఉంది. కానీ మా వైపు పాలపన్ను ఊడితే దాన్ని పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసురుతారు. అలా విసిరితే కొత్త పన్ను చక్కగా వస్తుందని నమ్మకం. ఆ లెక్కన మా బడి రక్షిత దంతాలన్నీ ఊళ్ళో పెంకుటిళ్ళ మీదున్నాయి.

ఎక్కాం. ఏం చేస్తాం? బడి వదిలేక చీర కుచ్చిళ్ళు దోపుకుని, నిచ్చెన వేసుకుని, పెంకుల మధ్య ఎండిన పేడముద్దలు ఏరుతూ ఇల్లిల్లూ తిరిగాను. జోషిత వాళ్ళింటి మీద ఉండగా కింద నుంచి వాళ్ళ నాయనమ్మ అప్పలనర్సమ్మ కేక వేసింది. కొడుకూ కోడలూ ఇటుకబట్టీ పనికి పోతే మనవరాల్ని పెంచుతున్నది ఆవిడే.

"ఏటి టీచరమ్మా, ఇంటి మీదకెక్కీసినావు? పెంకులిరిగిపోతే వోన నీరంతా మా నెత్తిమీదే గదా!"

"జోషిత ముందుపన్ను విసిరేశారు కదా మామ్మా, దాని కోసం."

"ఊడిపోయిన పన్ను నీకేటికమ్మా?"

"నాక్కాదు. గవర్నమెంటుకి కావాలట."

అప్పలనర్సమ్మ నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను కాసేపు చూసింది.

"ఏం, గవర్నమెంటుకి పళ్ళు నేవా?" అంది.

నాకు నవ్వాగలేదు. నిచ్చెన మీంచి పడబోయి తమాయించుకున్నాను. ఆ పన్ను దొరకలేదు గాని రెండు బొంగరాలూ, ఎవరిదో ఒక చెప్పూ దొరికాయి.

దొరికిన పళ్ళకన్నా దొరకని పళ్ళే ఎక్కువయ్యేసరికి శ్రావణమాసపు ఉత్తర్వు వచ్చింది. మాది 'పుచ్చు రహిత మండలం' అని ప్రకటన అయ్యేదాకా ఏ రక్షిత దంతమూ ఊడరాదు. 'ఊగు దంతముల పర్యవేక్షణ సంఘము' ఏర్పడింది. జామకాయలు, చెరుకు ముక్కలు, జంతికలు నిషేధం. మధ్యాహ్న భోజనంలో ఇచ్చే వేరుశనగ చిక్కీని మాస్టారు గదిలో పెట్టి తాళం వేశారు. అక్కడ వాటిని చీమలు తిన్నాయి. చీమలకి కవచం వర్తించదు. ఊగే పన్నుని నాలుకతో నెట్టే పిల్లల మీద నిఘా పెట్టమన్నారు. ఆరేళ్ళ పిల్ల నోట్లో నాలుక ఏం చేస్తోందో నేనెలా చూసేది?

ఆ ప్రశ్న అడిగినందుకు దానికీ పరిష్కారం వచ్చింది. త, థ, ద, ధ, న అక్షరాలు పలికేటప్పుడు నాలుక పళ్ళకి తగులుతుందని ఎవరో పండితుడు వాళ్ళకి చెప్పాడు. ప్రకటన దాకా ఒకటో తరగతికి ఆ వరుస చెప్పవద్దన్నారు. మా పిల్లలు 'ణ' నుంచి 'ప'కి గెంతడం నేర్చుకున్నారు. తనిఖీకొచ్చిన సంఘ సభ్యుడు ఒక పిల్లాణ్ణి "మీ నాన్న పేరేమిటి?" అని అడిగాడు. వాడు వేలు నోటి మీద పెట్టుకుని నా వైపు చూశాడు. వాడి తండ్రి పేరు దానయ్య. సభ్యుడు వాణ్ణి మెచ్చుకుని వెళ్ళాడు.

ఇంతవరకూ నేను నవ్వుకుంటూనే ఉన్నాను. ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్తే ఆయనా పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఆ నవ్వు ఒక శుక్రవారం పొద్దున్న ఆగిపోయింది.

అప్పలనర్సమ్మ మనవరాలిని చంకనేసుకుని బడికొచ్చింది. జోషిత ఎడమ బుగ్గ బూరెలా పొంగింది. కళ్ళు లోపలికి పోయాయి. నన్ను చూస్తే ఎగిరి గంతేసే పిల్ల, తల కూడా ఎత్తలేదు.

"మూడు దినాల నుండి అన్నం ముద్ద మింగనేదు టీచరమ్మా. కన్ను మూత పడనేదు. ఒళ్ళో ఏసుకుని ఊపుతాను, అలా ములుగుతానే ఉంటది. నానేటి సేసేది సెప్పు?"

ఆ రోజు మందు పూడుస్తుంటే చూస్తూ నిలబడ్డది నేనే. మాస్టారుకి చెప్పకుండానే ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోయాను.

రెహానా నోరు తెరిపించి చూసింది. పెదవి కొరుక్కుంది.

"పుచ్చు పైన మూత వేసేశారు మేడం. లోపల చీము పట్టింది. ఈ పన్ను తీసెయ్యాలి."

కంప్యూటర్లో పిల్ల నంబరు కొట్టింది. తెర ఎర్రబడింది. 'రక్షిత దంతము. తొలగింపునకు పర్యవేక్షణ సంఘము అనుమతి తప్పనిసరి.' అనుమతి నంబరు లేకపోతే మత్తు ఇంజెక్షను స్టోరులోంచి కదలదట. మత్తు లేకుండా ఈ పన్ను ముట్టుకోలేనంది. చీము తగ్గడానికీ నొప్పికీ మందులిచ్చి, సంఘం రేపే కూచుంటోంది, మీరే వెళ్ళి అడగండి, అంది.

శనివారం పిల్లనీ నాయనమ్మనీ వెంటబెట్టుకుని, పెద్దాసుపత్రి ఆవరణలోనే కూచున్న సంఘం ముందు నిలబడ్డాను. త్రివిక్రమరావు గారు అధ్యక్షులు. అటొకరు, ఇటొకరు సభ్యులు. మధ్యలో జీడిపప్పు పళ్ళెం.

"ఈ దంతము రక్షితమా కాదా?" అన్నారు అధ్యక్షులు.

"రికార్డుల ప్రకారం రక్షితమే సార్," అన్నారు మొదటి సభ్యుడు.

"రక్షిత దంతము పుచ్చునా?"

"పుచ్చదు సార్. అందుకే కదా రక్షించాం," అన్నారు రెండో సభ్యుడు.

"పుచ్చని దంతము నొప్పి పెట్టునా?"

"పెట్టదు సార్."

"కనుక నొప్పి దంతమునకు సంబంధించినది కాదు. ఆ చుట్టుపక్కల ఇంకేమున్నాయి?"

సభ్యులిద్దరూ తమ మొహాలు తడుముకున్నారు. "చెవి ఉంది సార్," అన్నారు మొదటాయన. చెవుల డాక్టరుకి రాసిచ్చారు. అదే ఆవరణలో ఉన్న ఆ పెద్దాయన లైటు వేసి చూసి, "చెవి బంగారంలా ఉంది. నోరు చూడరేం, బుద్ధుందా?" అని మమ్మల్నే తిట్టి, అదే కాగితం వెనక రాశాడు. సంఘం ఆ రాత చదివి, చెవి వైద్యులు దంతముపై అభిప్రాయము వెలిబుచ్చుట పరిధి నతిక్రమించుటయే అని తీర్మానించింది.

"సార్, మీకు దండం పెడతాను. ఆ బుగ్గ చూడండి!" అన్నాను. గొంతు లేచింది, నాకు తెలుసు.

"చూశానమ్మా. నిండుగా, ఆరోగ్యంగా ఉంది. నిజానికి నాకు ఆందోళన కలిగిస్తున్నది కుడి బుగ్గ. ఎడమదాంతో పోలిస్తే పోషకాహార లోపం స్పష్టంగా తెలుస్తోంది. అంగన్‌వాడీ వారికి రాస్తాను." ఆయన నిజంగానే రాసుకున్నారు. "సోమవారం రాష్ట్ర పరిశీలకులు వస్తున్నారు. మీ బడి ఆవరణలోనే ప్రకటన. హాజరు పూర్తిగా ఉండాలి. ఈ పాప కూడా రావాలి."

"ఈ ఆడగుంటని ఇలగ సంపీడానికేనా బాబూ మీరు కూకున్నది?" అంది అప్పలనర్సమ్మ. సభ్యుడు ఆ మాటని 'లబ్ధిదారుల స్పందన' కింద నమోదు చేశాడు.

మెట్లు దిగుతూ రెహానాకి ఫోను చేశాను. "సోమవారం మీ బడికి నేనూ రావాలి కదా మేడం," అంది. "ఇంజెక్షను బయట షాపులో కొంటాను. రేపంతా ఆ మాత్రలు ఆపకుండా వెయ్యండి, వాపు కాస్త దిగాలి."

సోమవారం బడి ముందు షామియానా వేశారు. స్తంభానికో మైకు గొట్టం కట్టారు, ఒకటి సరిగ్గా వంటషెడ్డు కప్పు మీదకి వచ్చింది. 'పుచ్చు రహిత మండలం' అని ఫ్లెక్సీ. దాని మీద నవ్వుతున్న పిల్లాడు మా బడి వాడు కాదు, మన దేశం వాడు కూడా కాదు. పళ్ళు కాపాడుకున్నందుకు పిల్లలకి బహుమతిగా చాక్లెట్లూ పాకం లడ్డూలూ తెచ్చారు.

రాష్ట్ర పరిశీలకులు వేదిక మీంచి పిల్లల్ని చూసి, జోషిత వైపు వేలు చూపించారు. బుగ్గ అందంగా ఉందనిపించింది కాబోలు. త్రివిక్రమరావు గారు మైకులో పిలిచారు. పిల్ల బిక్కుబిక్కుమంటూ మెట్లెక్కింది.

"ఏదమ్మా, ఒకసారి నవ్వు," అన్నారు పరిశీలకులు.

జోషిత పెద్దల మాట వినే పిల్ల. నవ్వడానికి చూసింది. పెదవులు కదిలేసరికి ప్రాణం పోయినంత నొప్పి పుట్టింది కాబోలు, కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారాయి. నోట్లోంచి చప్పుడు మాత్రం రాలేదు.

"ఆనందబాష్పాలు!" అన్నారు త్రివిక్రమరావు గారు మైకులో. "కవచము యొక్క ఫలితమును మీరు ప్రత్యక్షముగా వీక్షించుచున్నారు!"

చప్పట్లు మోగాయి. నా ఒళ్ళు మండిపోయింది. వేదికెక్కి పిల్లని ఎత్తుకుని దిగిపోయాను. పిల్లకి లడ్డూ ఇప్పించడానికి తీసుకెళ్తున్నాననుకుని పరిశీలకులు కూడా నవ్వుతూ తలూపారు.

వంటషెడ్డులో రెహానా సిద్ధంగా ఉంది. బియ్యం బస్తా మీద దుప్పటి పరిచి పిల్లని పడుకోబెట్టాం. అప్పలనర్సమ్మ తల పట్టుకుంది, నేను చేతులు పట్టుకున్నాను. సూది దిగినప్పుడు నా వేళ్ళు నలిగేలా పట్టుకుంది జోషిత. తర్వాత పట్టు వదులైంది. పన్ను వచ్చేసింది. దాని వెనకే చీమూ రక్తమూ వచ్చాయి. రెహానా శుభ్రం చేసి దూది పెట్టింది.

అప్పుడే త్రివిక్రమరావు గారు గుమ్మంలోకి వచ్చారు. ప్రకటన కాగితం చేతిలో ఉంది. పళ్ళెంలో ఎర్రగా ఉన్నదాన్ని చూసి మొహం తెల్లబడింది.

"ఏమిటిది? ప్రకటనకి ముందు రక్షిత దంతాన్ని తొలగిస్తారా? మండలం మొత్తం..."

"మీ లెక్కలో ఈ పాప పన్ను ఉందా సార్?" అంది రెహానా, చేతులు కడుక్కుంటూ.

ఆయన ఫోను తీసి చూశారు. "ఉంది. టిక్కు కూడా ఉంది."

"మరి నేను తీసిందేమిటి?"

ఆయన ఆలోచించారు. ఆ మనిషి ఆలోచించడం నేను చూడటం అదే మొదలు. నెమ్మదిగా మొహం విచ్చుకుంది.

"మీరేమీ తీయలేదు," అని, జుబ్బా సర్దుకుని వేదిక వైపు నడిచారు.

గోడకి చేరగిలబడి కూచున్న నాయనమ్మ ఒళ్ళో జోషిత కళ్ళు మూసుకుంది. ఊపిరి నిదానించింది. మూలుగు ఆగింది. అప్పలనర్సమ్మ చీరకొంగుతో పిల్ల నుదురు తుడుస్తూ, "నిద్దరోనాది. నా తల్లి నిద్దరోనాది," అని గొణుక్కుంది. నేను ఏడ్చానంటే మా ఆయన నమ్మరు గాని, ఏడ్చాను.

అంతలో కప్పు మీది గొట్టం గర్జించింది. "అశేష ప్రజానీకమునకు సవినయముగా విన్నవించుకొను శుభవార్త ఏమనగా..." పిల్ల ఉలిక్కిపడింది. చేతులు గాల్లో తడుముకుని, మళ్ళీ మూలగడం మొదలుపెట్టింది.

"టీచరమ్మా, నీ కాళ్ళకి దండవెడతాను. ఆ మైకొక్కపాలి ఆపించవా?"

మైకు పెట్టె వంటషెడ్డు పక్కనే ఉంది. మైకు అబ్బాయి లడ్డూల వరుసలో ఉన్నాడు. ఎవర్నడగాలి? వెళ్ళి వైరు పీకేశాను.

వేదిక మీద త్రివిక్రమరావు గారి నోరు మాత్రం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. చెయ్యి ఊపుతున్నారు. సన్యాసిరావు మాస్టారు రెండు చేతులూ జోడించి నాకు దండాలు పెడుతున్నారు. ముందు వరుస వాళ్ళు చెవులు రిక్కించారు, వెనక వరుస వాళ్ళు చాక్లెట్లు విప్పుకున్నారు. ఆ వైరు చేత్తో పట్టుకుని ప్రకటన పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. ఎవడైనా దగ్గరికొస్తే కొట్టేదాన్నేమో. ఎవరూ రాలేదు.

వారానికి నా మీద అభియోగ పత్రం వచ్చింది. ఎక్కడా పన్ను ఊసు లేదు. పన్ను పిల్ల నోట్లోనే ఉంది కదా. 'ప్రభుత్వ ప్రకటనను ప్రజలకు వినబడనీయక, ధ్వనివర్ధక యంత్రమును ఉద్దేశపూర్వకముగా నిలిపివేసి, మండలము యొక్క పుచ్చు రహిత స్థితికి భంగము కలిగించినందుకు మిమ్ములను ఎందుకు సస్పెండు చేయరాదో తెలుపవలెను.'

"కరెంటు పోయిందని రాసెయ్యమ్మా. ఎవరికీ నష్టం లేదు, నాకు మార్చి కూడా గడుస్తుంది," అన్నారు మాస్టారు పాపం.

ఆయన మీద జాలేసింది. కాని కరెంటు పోలేదు. కాగితం తీసుకుని ఉన్నదున్నట్టు రాశాను. అయ్యా, పిల్ల నిద్రపోతోంది, అందుకని ఆపాను.